సొర ఫొటో వేసినప్పుడు అది ఏ సొరో కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం,

మొన్న మన జిల్లా పేజీలో వలకి పడిన పెద్ద సొర ఫొటో వేసి రాకాసి చేప అని హెడ్డింగ్ పెట్టారు, బరువెంత రేటెంత అన్నీ రాసారు గానీ అది ఏ రకమో ఒక్క ముక్క లేదు. నాకైతే అది మేకో అనిపించింది, సూది మూతి, నీలం వీపు, నోరు మూసినా బయటికే ఉండే పళ్లు.

మేకో లోతు సముద్రంలో సూర చేపల్ని తరుముకుంటూ బతికేదండి. సొరలన్నిట్లోకీ స్పీడు దీనిదే. ఈత కండల్లో పుట్టిన వేడి మొప్పల దాకా వెళ్లి నీళ్లపాలు అవకుండా సన్నటి రక్తనాళాల అల్లిక దాన్ని లోపలికే తిప్పేస్తుంది, అందుకే దీని ఒళ్లు చుట్టూ ఉన్న నీళ్ల కన్నా వెచ్చగా ఉంటుంది. ఇంత బలం ఉన్నా సంతానం దగ్గరకొచ్చేసరికి మహా నెమ్మది, ఆడది ఈడుకి రావడానికే సుమారు 18 ఏళ్లు, కడుపుతో 15 నుంచి 18 నెలలు, కాన్పుకీ కాన్పుకీ మధ్య మూడేళ్లు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపుతున్నాం, మంచిదే, కానీ ఇలాంటి చేపకి ఆ 61 రోజులు ఏ మూలకి?

2019లో మేకోలు రెండు రకాల్నీ సైటిస్ ఒప్పందంలో (అడవి జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) చేర్చారు, పర్మిట్ లేకుండా ఆ సరుకు దేశం దాటకూడదు. ఈ సంగతి మన రేవుల్లో ఎంతమందికి తెలుసు?

సొర తినొద్దని నేను అనట్లేదు. బాలింతకి పాలసొర పుట్టు పెట్టని ఇల్లు మా వైపు ఉండదు, పాలసొర చిన్నది, రెండు మూడేళ్లకే పిల్లల్ని పెడుతుంది, దాన్నీ మేకోనీ ఒకే గాటన కట్టేయడమే నా బాధ.

మత్స్యశాఖ వాళ్లు బారువ, భావనపాడు, కళింగపట్నం, అటు చింతపల్లి రేవుల్లో ఫొటోలతో తెలుగు బోర్డులు పెట్టాలి. గుజరాత్‌లో వలలో చిక్కిన వేల్ షార్క్ అనే పెద్ద సొరని వదలడానికి వల కోసేసిన వాళ్లకి అటవీ శాఖ పరిహారం ఇస్తుంది, వేరావల్ బోట్ల మీదకి పనికెళ్లే మనవాళ్లని అడిగినా చెప్తారు, ఇక్కడ మేకోకీ అలాంటిది పెడితే ప్రాణంతో ఉన్నదాన్ని వదలడానికి ఎవరూ వెనకాడరు. నష్టమంతా మత్స్యకారుడి నెత్తిన రుద్దితే మాత్రం జరగదు.

మీరు కూడా ఈసారి అలాంటి ఫొటో వేస్తే మత్స్యశాఖ వాళ్లనో యూనివర్సిటీ వాళ్లనో అడిగి రకం పేరు, పొడవు, కడుపుతో ఉందో లేదో రాయండి.

– ఒక పాఠకుడు, సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా