ఆర్వీ కరెంట్ కేబుల్ విషయంలో మా తప్పు, ఇప్పుడు మార్చినవి

డాలస్‌లో మా దగ్గర ఆర్వీలు (లోపలే వండుకుని పడుకునే బండ్లు) అద్దెకు తీసుకునే అందరికీ నమస్కారం.

పోయిన నెల ఒక కుటుంబం క్యాంప్‌గ్రౌండ్ నుంచి రాత్రిపూట ఫోన్ చేసింది. బండికి కరెంట్ ఇచ్చే పెట్టె దగ్గర కాలిన వాసన వస్తే వాళ్లే బ్రేకర్ ఆపేశారు. ప్లగ్‌లో ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ సమయంలో లోపల ఇద్దరు పిల్లలు నిద్రపోతున్నారు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది.

తప్పు మాదే. ఆ కేబుల్ ప్లగ్ పిన్నులు అప్పటికే నల్లబడ్డాయి. బండి ఇచ్చేముందు టైర్లు, గ్యాస్, నీళ్లు చూశాం, ప్లగ్ చూడలేదు. వాళ్లకు అద్దె మొత్తం తిరిగిచ్చాం.

"30 ఆంప్స్ బ్రేకర్ తనంతట తానే ఎందుకు ఆగిపోలేదు?" అని వాళ్లు అడిగారు. ఆ రాత్రి ఏసీ సుమారు 13 ఆంప్స్, ఇండక్షన్ స్టవ్ 12 ఆంప్స్ లాగుతున్నాయి. మొత్తం 25. బ్రేకర్ లెక్కలో అది మామూలే. పిన్ను వదులైతే ఆ 25 ఆంప్స్‌కే అక్కడ విపరీతంగా వేడి పుడుతుంది. తీగలో ఎంత కరెంట్ పోతోందో బ్రేకర్‌కు తెలుస్తుంది, ప్లగ్ కాలుతోందని తెలియదు. అందుకే ఏసీ వేసిన అరగంటకు ప్లగ్‌ను బయటి నుంచి ఒకసారి చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బ్రేకర్ ఆపేసి నాకు ఫోన్ చేయండి, అర్ధరాత్రైనా సరే. ఏసీ నడుస్తున్నంతసేపు వంట గ్యాస్ మీదే చేసుకోండి.

కేబుళ్లన్నీ కొత్తవి కొన్నాం. వోల్టేజ్ బాగా పడిపోయినా, వైరింగ్ తేడాగా ఉన్నా కరెంట్ కట్ చేసే ప్రొటెక్టర్ కూడా ప్రతి బండికీ ఇస్తున్నాం. పెట్టె దగ్గర బ్రేకర్ ఆపి, ప్లగ్ పెట్టి, తర్వాతే ఆన్ చేయండి. బండి తలుపు తాకితే జిల్లుమంటే మళ్లీ తాకొద్దు. గ్రౌండ్ (ఎర్త్) సరిగా లేదని అర్థం.

ఇంకో టెన్షన్ ఉంది. ట్రిప్‌కు ముందు ఫ్రిజ్ చల్లబడాలని కొందరు ఇంటి దగ్గరే 30 ఆంప్స్ సాకెట్ పెట్టించుకుంటున్నారు. అది 120 వోల్టులదే కావాలి. బట్టల డ్రయ్యర్ సాకెట్ అనుకుని ఎలక్ట్రీషియన్ 240 ఇస్తే బండిలో సామాన్లు కాలిపోతాయి. మీటర్‌తో చూపించమని అడగండి.

రెండు బండ్లకు ప్రొటెక్టర్లు ఇంకా రాలేదు. వచ్చేదాకా వాటిని బయటికి పంపం. బుక్ చేసుకున్నవారికి ఈరోజే ఫోన్ చేస్తాను. తేదీ మార్చుకోవచ్చు, లేదా డబ్బు పూర్తిగా వెనక్కి తీసుకోవచ్చు.