మంత్రి గారూ, ఐవీఎఫ్ ఫలితాల లెక్క బయట పెట్టించండి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ దామోదర రాజనర్సింహ గారికి,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంతాన సాఫల్య కేంద్రంలో ఎంబ్రియాలజిస్టుగా పనిచేస్తున్నాను. డాక్టర్లు తీసిన అండాలను అందుకుని, వీర్యకణాలతో కలిపి, ఎంబ్రియోలను (పిండాలను) అయిదారు రోజులు ఇంక్యుబేటర్‌లో పెంచి, మళ్లీ డాక్టర్ల చేతికి ఇవ్వడం మా పని. పేషెంట్లలో చాలామందికి మా ముఖాలు కూడా తెలియవు. మాకు మాత్రం వాళ్ల పేర్లు, వయసులు, ఇది ఎన్నో సైకిలో (ఎన్నోసారి చికిత్సో), అన్నీ తెలుసు.

ప్రతి జంటకూ ల్యాబులో ఒక షీటు ఉంటుంది. ఎన్ని అండాలు వచ్చాయి, అందులో పక్వమైనవెన్ని, మర్నాడు పొద్దున చూస్తే ఫలదీకరణ చెందినవెన్ని, అయిదో రోజుకు బ్లాస్టోసిస్ట్ (అయిదో రోజు పిండం చేరాల్సిన దశ) దాకా ఎదిగినవెన్ని, ఏది ట్రాన్స్‌ఫర్ చేశాం (గర్భసంచిలో పెట్టాం), ఏవి ఫ్రీజ్ చేశాం, అన్నీ టైముతో సహా రాస్తాం. పన్నెండు అండాలు వచ్చిన చోట అయిదో రోజుకు మూడో నాలుగో మిగలడం మామూలే. షీటులో చివరన ‘అవుట్‌కమ్’ అని ఒక గడి ఉంటుంది. రక్తపరీక్షలో పాజిటివ్ వస్తే అందులో ‘పాజిటివ్’ అని రాస్తారు. ఫైలు ర్యాకులోకి వెళ్లిపోతుంది. ఆ అమ్మాయి ఆదిలాబాద్‌కో మహబూబ్‌నగర్‌కో వెళ్లి అక్కడే కాన్పు చేయించుకుంటే, బిడ్డ క్షేమంగా పుట్టిందో, మూడో నెలలోనే గర్భం పోయిందో, నెలలు నిండకుండా కవలలు పుట్టి ఇంక్యుబేటర్‌లో ఉన్నారో చాలాసార్లు ఆ గడిలోకి ఎక్కదు. నేను ఈ లేఖ రాస్తున్నది ఆ ఒక్క గడి గురించి.

హైదరాబాద్‌లో ఏ మెయిన్ రోడ్డు మీద చూసినా ‘సక్సెస్ రేటు 80 శాతం’ లాంటి బోర్డులు కనిపిస్తాయి. దేనికి 80 శాతం? పాజిటివ్ వచ్చినవాళ్లా, స్కానింగులో గుండె కొట్టుకోవడం కనిపించినవాళ్లా, బిడ్డతో ఇంటికి వెళ్లినవాళ్లా? ఇంజెక్షన్లు మొదలుపెట్టిన అందరిలోనా, లేక మంచి ఎంబ్రియో వచ్చి ట్రాన్స్‌ఫర్ దాకా చేరినవాళ్లలోనేనా? పాతికేళ్ల అమ్మాయికా, నలభై రెండేళ్ల స్త్రీకా? ఈ ప్రశ్నలకు జవాబు మారితే అదే క్లినిక్ అంకె సగానికి సగం పడిపోతుంది. బ్రిటన్‌లో ఈ లెక్కలు ప్రభుత్వ నియంత్రణ సంస్థే ప్రచురిస్తుంది. అక్కడ 35 ఏళ్ల లోపు స్త్రీలు సొంత అండాలతో చేయించుకున్నప్పుడు, ట్రాన్స్‌ఫర్ చేసిన వంద ఎంబ్రియోల్లో బిడ్డగా పుట్టేవి సుమారు 35. వయసు 43 దాటితే నూటికి 5. ప్రపంచంలో మొట్టమొదటి టెస్ట్ ట్యూబ్ బేబీని 1978లో పుట్టించిన దేశం చెప్తున్న అంకెలివి. మన బోర్డుల మీద 80 ఎక్కడి నుంచి వచ్చిందో అడిగేవాళ్లు లేరు.

అమెరికాలో క్లినిక్కులు తమ ఫలితాలను ప్రభుత్వానికి చెప్పాలని 1992లోనే చట్టం చేశారు. మన దగ్గర 1966 నాటి విత్తనాల చట్టం వల్ల విత్తనాల సంచీ మీద మొలక శాతం ముద్రించాల్సిందే. అప్పు చేసి, బంగారం కుదువబెట్టి రెండు మూడు లక్షలు కట్టే దంపతులకు ఆ పాటి హక్కు కూడా ఉండొద్దా?

కొత్త చట్టం కావాలని నేను అడగడం లేదు. 2021లో పార్లమెంటు చేసిన ఏఆర్‌టీ (సంతాన సాఫల్య చికిత్సల) నియంత్రణ చట్టం 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. క్లినిక్కులు ఫలితాల వివరాలు జాతీయ రిజిస్ట్రీకి ఇవ్వాలని, ఆ సమాచారం పరిశోధనకు ఉపయోగపడాలని అందులోనే ఉంది. సఫలమయ్యే అవకాశం ఎంతో దంపతులకు ముందే వివరించాలని కూడా ఉంది. రిజిస్ట్రేషన్లు ఇవ్వడం, తనిఖీ చేయడం రాష్ట్రం చేతిలోని పని. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో, సరోగసీలో పుట్టిన మీ బిడ్డేనంటూ వేరేవాళ్ల బిడ్డను అంటగట్టారన్న కేసు బయటపడినప్పుడు అందరూ తనిఖీల గురించే మాట్లాడారు. ఆ దంపతులకు విషయం తెలిసింది డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోబట్టి. లైసెన్సు, గదులు, మెషిన్లు చూసి వెళ్లే తనిఖీ అలాంటిదాన్ని పట్టుకోలేదు. ఏ సైకిల్‌లోని ఏ ఎంబ్రియో నుంచి ఏ బిడ్డ పుట్టిందో చివరిదాకా రాసి ఉండే రికార్డు పట్టుకుంటుంది. అండదానం విషయంలో కూడా అంతే. ఒక స్త్రీ జీవితంలో ఒక్కసారే, ఏడు అండాలకు మించకుండా ఇవ్వాలని చట్టం అంటోంది. ఆమె వేరే ఊళ్లో వేరే బ్యాంకులో మళ్లీ ఇవ్వలేదని రిజిస్ట్రీ లేకుండా ఎవరు చెప్పగలరు?

ఇక పరిశోధన సంగతి. ఇది నాకు ఎక్కువ బాధ కలిగించే విషయం.

ఈ మధ్య వనపర్తి వైపు నుంచి వచ్చిన ఒక జంట బిల్లు పట్టుకుని ల్యాబు బయట నిలబడ్డారు. ఆయన వేలు పెట్టి ఒక్కో లైనూ చూపిస్తున్నాడు. ‘మేడమ్, ఈ స్క్రాచింగ్ అంటే ఏంది? పోయినసారి వేరే దగ్గర కూడా ఇదే చేసిన్రు’ అని అడిగాడు. గర్భసంచి లోపలి పొరను కొద్దిగా గీరితే ఎంబ్రియో బాగా అతుక్కుంటుందని ఒకప్పుడు నమ్మారు. 2019లో 1,364 మంది స్త్రీల మీద చేసిన పెద్ద అంతర్జాతీయ పరీక్ష ఫలితం వచ్చింది. గీరిన వాళ్లలో నూటికి 26 మందికి బిడ్డ పుట్టింది. గీరని వాళ్లలోనూ 26 మందికే. అదనంగా దక్కింది నొప్పి ఒక్కటే. ఆ తర్వాత కూడా మన బిల్లుల్లో ఆ లైను కనిపిస్తూనే ఉంది. ఆయన భార్య ఏమీ మాట్లాడలేదు, బిల్లు తీసుకుని మడిచి పర్సులో పెట్టుకుంది.

ఇక్సీ కూడా ఇలాంటిదే. ఒక్కో అండంలోకి సూదితో ఒక్కో వీర్యకణాన్ని ఎక్కించే పద్ధతి అది. భర్త కౌంట్ (వీర్యకణాల సంఖ్య) మరీ తక్కువైతే అది వరం, అందులో సందేహం లేదు. కౌంట్ బాగున్నా అందరికీ అదే చేసేయడం ఇప్పుడు అలవాటైపోయింది. కౌంట్ మామూలుగా ఉన్న వెయ్యికి పైగా జంటల మీద వియత్నాంలోని హోచిమిన్ సిటీలో పరీక్ష చేసి, ఇక్సీ వల్ల బిడ్డలు పుట్టే అవకాశం చెప్పుకోదగ్గంతగా పెరగదని 2021లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. మంత్రి గారూ, ఆ పరీక్ష మన దగ్గర ఎందుకు జరగలేదు? పేషెంట్లు మనకు తక్కువా? డాక్టర్లు తక్కువా? ఏటా హైదరాబాద్ ల్యాబుల్లో రాసే షీట్లన్నీ ఒక్కచోట చేరితే ఇలాంటి ప్రశ్నలు ఎన్నిటికో జవాబులు దొరికేవి. ప్రతి క్లినిక్ తన షీట్లు తన ర్యాకులోనే దాచుకుంటోంది.

బయటి దేశాల పరిశోధనలు తెచ్చుకుంటే సరిపోదా అంటే, సరిపోదు. ఐవీఎఫ్‌కు వచ్చిన భారతీయ స్త్రీలను స్పెయిన్ స్త్రీలతో పోల్చిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. అందులో మన స్త్రీల అండాశయాలు దాదాపు ఆరేళ్లు ముందే వయసు మీరినట్టు తేలింది. ముప్పై ఏళ్ల అమ్మాయి ఏఎంహెచ్ (అండాశయాల్లో అండాల నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు చూసి మేము ఉలిక్కిపడటం మామూలైపోయింది. ఎందుకిలా? పోషణా, జన్యువులా, వాతావరణమా? తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది, దానికి దగ్గర్లోనే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది. గర్భాశయ టీబీ కూడా మన సమస్యే. ట్యూబులు మూసుకుపోవడానికి మన దగ్గర అది పెద్ద కారణం. యూరప్ క్లినిక్కుల్లో అది అరుదు కాబట్టి వాళ్లు దాని మీద పనిచేయరు. ఇక్కడేమో పీసీఆర్ పరీక్ష ఒక్కటి పాజిటివ్ వస్తే చాలు, ఆరు నెలలు టీబీ మందులు రాసేవాళ్లున్నారు. ముప్పై ఎనిమిదేళ్ల స్త్రీకి ఆరు నెలలంటే ఎంత పెద్ద నష్టమో ల్యాబులో కూర్చున్న మాకు తెలుసు.

మగవాళ్ల వైపు చూస్తే, వీర్యకణాలు అసలే లేని భారతీయ పురుషుల్లో నూటికి 8 మందికి పైగా వై క్రోమోజోములో కొంత భాగం లోపించి ఉంటోందని మన సీసీఎంబీ శాస్త్రవేత్తలే 2003లో చూపించారు. ఇది ఒక రక్తపరీక్షతో తెలుస్తుంది. కొన్ని రకాల లోపాల్లో వృషణం నుంచి ఆపరేషన్ చేసి వెతికినా కణాలు దొరకవని ముందే చెప్పొచ్చు, ఆ ఆపరేషన్ తప్పుతుంది. ఇంకొన్ని రకాల్లో కణాలు దొరికి, ఇక్సీతో కొడుకు పుడితే అతనికీ అదే లోపం వస్తుంది. తల్లిదండ్రులకు ఆ మాట ముందే చెప్పాలి. ఈ జ్ఞానం పుట్టింది హబ్సిగూడ పక్కన. అది జిల్లాలకు ఇంకా చేరలేదు. అక్కడ ఈ రోజుకీ ముందు కోడలికే పరీక్షలు, మొక్కులు, మాటలు పడటం. కొడుకు ల్యాబుకు రావడానికి ఏళ్లు పడుతోంది.

ప్రభుత్వం ఈ విషయంలో ఎలా ఉండకూడదో కూడా మన దేశమే చూపించింది. 1978 అక్టోబరు 3న, ప్రపంచంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ పుట్టిన 70 రోజులకు, కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో దుర్గ అనే పాప పుట్టింది. ఆయన ఎంబ్రియోను 53 రోజులు ఫ్రీజ్ చేసి తర్వాత ట్రాన్స్‌ఫర్ చేశారు. ఇవాళ మేము రోజూ చేసే పని అదే. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఒక కమిటీ వేసింది, కమిటీ ఆయన మాట నమ్మలేదు. తర్వాత ఆయన్ని కళ్ల విభాగానికి బదిలీ చేశారు. 1981 జూన్‌లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. 1986లో ముంబైలో పుట్టిన పాపతో దేశంలో తొలి టెస్ట్ ట్యూబ్ బేబీ ఘనత దక్కించుకున్న డాక్టర్ టి.సి. ఆనంద్ కుమార్, సుభాష్ రాసుకున్న నోట్సు చదివి, మొదటివాడు ఆయనేనని 1997లో స్వయంగా రాశారు. నిజం బతికింది ఆ నోట్సు వల్ల. అందుకే నేను షీటు మీద ఇంత పట్టుబడుతున్నాను.

ఫలితాలు బయటపెడితే క్లినిక్కులు కష్టమైన కేసులు తీసుకోవని నా తోటి వాళ్లే కొందరు అంటారు. ఆ భయం నిజమే. అందుకే ఒకే అంకె వద్దు, ర్యాంకులు అసలే వద్దు. వయసు వారీగా, సొంత అండాలా దాత అండాలా అన్న తేడాతో, మొదలుపెట్టిన సైకిళ్ల లెక్కన, పుట్టిన బిడ్డలు, అందులో కవలలు ఎందరో చూపితే చాలు. కవలల లెక్క తప్పకుండా కావాలి. బ్రిటన్‌లో 1990లలో ఐవీఎఫ్ కాన్పుల్లో నూటికి పాతిక పైగా ఒకరికన్నా ఎక్కువ బిడ్డలు పుట్టేవారు. ఒక్కసారికి ఒక్క ఎంబ్రియోనే పెట్టమని వెంటపడి, లెక్కలు చూపించి, దాన్ని నూటికి అయిదు దాకా దించారు. మన దగ్గర కవలలు పుడితే స్వీట్లు పంచుతారు. నెలలు నిండని ఆ పిల్లలు ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఎన్నాళ్లు ఉన్నారో, ఆ బిల్లు ఎంతో ఎవరూ రాయరు.

కాన్పు వివరాలు సేకరించడం కష్టం కాదు. ఆశాలు, ఏఎన్‌ఎంలు ఇప్పటికే ప్రతి గర్భిణినీ తల్లీబిడ్డల ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఆర్‌సీహెచ్ పోర్టల్‌లో నమోదు చేస్తున్నారు. క్లినిక్ ఇచ్చే కోడ్ నంబరు ఒక్కటి అందులో చేరిస్తే రెండు రికార్డులు కలుస్తాయి. పేరు వద్దు, ‘ఐవీఎఫ్’ అన్న మాట కూడా కనిపించకూడదు. అత్తమామలకు తెలియకుండా చికిత్స చేయించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల గుట్టు కాపాడటం మన బాధ్యత.

2023లో గాంధీ ఆసుపత్రిలో ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభమైంది. ఈ లెక్క చెప్పడం అక్కడి నుంచే మొదలుపెట్టించండి. ఎన్ని సైకిళ్లు మొదలయ్యాయి, ఎందరు బిడ్డలు పుట్టారు అన్నది, అంకె చిన్నదైనా సరే, ఆసుపత్రి గోడ మీద పెట్టించండి. అక్కడ పర్మనెంట్ ఎంబ్రియాలజిస్టు పోస్టులు ఉండాలి. ఎంబ్రియోలను పెంచే ద్రవమైన కల్చర్ మీడియాకు, వాటిని ఫ్రీజ్ చేసే లిక్విడ్ నైట్రోజన్‌కు ఏడాది పొడవునా నిధులు అందాలి. రెండు వారాలు ఆ కల్చర్ మీడియా రావడం ఆగితే ఐవీఎఫ్ ల్యాబు ఖాళీ గదే. సీసీఎంబీతో కలిసి పనిచేసేలా ఒప్పందం ఉంటే, డబ్బు లేని జంటలకు చికిత్సా అందుతుంది, మన సొంత ప్రశ్నలకు జవాబులూ దొరుకుతాయి.

ప్రైవేటు క్లినిక్కులకు మాత్రం ముందు ఒక్క సర్క్యులర్ చాలు. వచ్చే ఏప్రిల్ 1 తర్వాత మొదలయ్యే ప్రతి సైకిల్ ఫలితాన్నీ, కాన్పు దాకా, ఒకే ఫారంలో రాష్ట్ర ఏఆర్‌టీ బోర్డుకు ఇవ్వాలని, అదే పట్టిక తెలుగులో, ఉర్దూలో రిసెప్షన్ దగ్గర అతికించాలని. ఆ ఫారంలో ఏయే గడులు ఉండాలో, తప్పుడు లెక్కలు ఎక్కడ దూరే అవకాశం ఉందో మాకు తెలుసు. బోర్డు సమావేశానికి పిలిస్తే నాతో పాటు మరికొందరు ఎంబ్రియాలజిస్టులు వచ్చి కూర్చుని రాసిస్తాం. ఆదివారమైతే ఇంకా మంచిది, ఆ రోజు మా దగ్గర ట్రాన్స్‌ఫర్లు తక్కువ.

ఇట్లు,
ఒక ఎంబ్రియాలజిస్టు
హైదరాబాద్