ప్రెయిరీల మీద దారి ఒకటి కాదు, రెండు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కెనడా కారు ప్రయాణం మీద వేసిన వ్యాసం చదివాను. రాకీ పర్వతాలకి రెండు పేజీలిచ్చి, ప్రెయిరీల్ని, అంటే విన్నిపెగ్ నుంచి క్యాల్గరీ దాకా ఉన్న 1,300 పైచిలుకు కిలోమీటర్ల గడ్డి మైదానాల్ని, ఒక్క ముక్కలో తేల్చేశారు: చూడ్డానికేమీ ఉండదు, రాత్రికి రాత్రి దాటేయండి అని. ఆ దారిలోనే ఉన్న బ్రాండన్‌లో ఉంటున్నవాణ్ణి, ఆ సలహా చూసి ఊరుకోలేక రాస్తున్నాను. పక్కన వేసిన మ్యాప్ కూడా సగమే.

ట్రాన్స్‌కెనడా, అంటే దేశం ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయే హైవే, అనగానే అందరూ 1వ నంబరు రోడ్డే అనుకుంటారు. అది బ్రాండన్, రెజైనా, మూస్ జా, స్విఫ్ట్ కరెంట్, మెడిసిన్ హ్యాట్ మీదుగా క్యాల్గరీ వెళ్తుంది. కానీ పోర్టేజ్ లా ప్రెయిరీ దాటాక కాసేపటికే 16వ నంబరు, అంటే యెల్లోహెడ్ హైవే, విడిపోయి యార్క్‌టన్, సాస్కటూన్, లాయిడ్‌మిన్‌స్టర్, ఎడ్మంటన్ మీదుగా జాస్పర్ చేరుతుంది. అదీ ట్రాన్స్‌కెనడానే, మేపుల్ ఆకు బోర్డు దానికీ ఉంటుంది. మీ మ్యాప్ నమ్ముకుని ఎడ్మంటన్ బయల్దేరిన కుర్రాళ్ళు క్యాల్గరీ దాకా పోయి, అక్కణ్ణించి ఇంకో 300 కిలోమీటర్లు ఉత్తరానికి ఎక్కాలి.

నిజానికి మొదట అనుకున్న దారి ఉత్తరానిదే. రైలు మార్గం కోసం సర్వే చేయించిన శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్ యెల్లోహెడ్ కనుమ వైపే మొగ్గాడు, అది 1,130 మీటర్ల ఎత్తే, దక్షిణాన ఉన్న కికింగ్ హార్స్ కనుమ 1,600 దాటుతుంది. అయినా 1881లో కెనడియన్ పసిఫిక్ కంపెనీ ఉన్నట్టుండి దక్షిణానికి తిరిగింది. అమెరికా రైళ్ళు కింది నుంచి వచ్చి వ్యాపారం లాక్కుపోతాయని ఒక భయం. దక్షిణ ప్రెయిరీ ఎండుభూమి, సేద్యానికి పనికిరాదని 1857-60 మధ్య తిరిగి చూసిన అన్వేషకుడు పాలిసర్ చెప్పాడు, వానలు బాగా పడిన ఏళ్ళలో చూసిన వృక్షశాస్త్రవేత్త మకూన్ మాత్రం గోధుమ బంగారంలా పండుతుందన్నాడు. కంపెనీకి మకూన్ మాటే తియ్యగా వినిపించింది! (పెట్టుబడి పెట్టేవాడికి కావలసిన నిపుణుడు దొరకడం అప్పుడూ ఉంది.) 1930లలో కరువొచ్చి దుమ్ము లేచాక పాలిసర్ అన్నదేమిటో జనానికి తెలిసొచ్చింది, కానీ అప్పటికే పట్టాల వెంట ఊళ్ళు వెలిశాయి. 1949లో హైవే చట్టం చేశాక రోడ్డు కూడా చాలావరకు ఆ ఊళ్ళ వెంటే పోయింది.

ఇక ఆ రాత్రి ప్రయాణం సంగతి. నాలుగు వరసల రోడ్డు కదా అని ధీమా వద్దు. చాలాచోట్ల వంతెనల్లేవు, పక్క రోడ్లు నేరుగా హైవేని అడ్డంగా దాటుతాయి, దాటేవాళ్ళు మధ్యలో ఆగి గంటకి 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే ట్రక్కుల్ని చూసుకుని కదలాలి. కార్‌బెరీ దగ్గర 2023 జూన్ 15న వృద్ధులతో వెళ్తున్న బస్సు అలా దాటుతుంటే ట్రక్కు గుద్ది 17 మంది పోయారు, అది పట్టపగలే. చీకటి పడితే జింకలు అడ్డొస్తాయి. చలికాలంలో ఆకాశం నిర్మలంగానే ఉంటుంది, గాలికి మంచు మాత్రం తారు మీద పాముల్లా సన్నగా పాకుతూ వచ్చి, అయిదు నిమిషాల్లో తెల్లగీత ఎక్కడుందో తెలియకుండా చేస్తుంది. ఆ టెన్షన్ ఒక్కసారి పడ్డవాళ్ళెవరూ రాత్రి వెళ్ళమని చెప్పరు.

అన్నట్టు, చూడ్డానికేమీ ఉండదన్న ఆ దారిలోనే, మూస్ జా దాటాక చాప్లిన్ దగ్గర ఎండాకాలంలో కూడా మంచు కుప్పల్లాంటివి కనిపిస్తాయి. ఉప్పునీటి చెరువులోంచి తీసిన సోడియం సల్ఫేట్ అది. ఆ చెరువు మీద వలసపక్షులు వేలల్లో దిగుతాయి. పగలు వెళ్తేనే కనబడేది.

దయచేసి రెండు దారులూ ఉన్న మ్యాప్ ఒకటి మళ్ళీ వేయండి. నవంబరు నుంచి మార్చి దాకా బయల్దేరే ముందు ఆయా రాష్ట్రాల రోడ్డు సమాచార పేజీలు చూసుకోమని, రోడ్డు మూసేస్తే దగ్గర్లో ఉన్న ఊళ్ళో ఆగిపొమ్మని కూడా రాయండి. మా పిల్లల వయసువాళ్ళు చాలామంది మీ పేపరు చూసే బయల్దేరుతున్నారు.

— మీ పాఠకుడు,
బ్రాండన్, మానిటోబా