హీరో మారిపోయిన డిస్కు

కస్టమర్ సేవల విభాగం అధికారి గారికి,

విషయం: 1954 నాటి ‘గాడ్జిల్లా’ అని చెప్పి వేరే కూర్పు పంపడం గురించి.

అయ్యా,

మీ వెబ్‌సైటులో ‘1954 జపాన్ మూలచిత్రం, 96 నిమిషాలు’ అని చూసి డిస్కు తెప్పించుకున్నాను. అట్ట మీదా అదే అచ్చయి ఉంది. లోపల ఉన్నది మాత్రం 1956లో అమెరికాలో విడుదలైన 80 నిమిషాల కూర్పు. నటుడు రేమండ్ బర్‌తో కొత్త సన్నివేశాలు తీసి, దర్శకుడు ఇషిరో హోండా తీసిన మూలచిత్రంలో అతికించిన సరుకు అది. ఫిర్యాదు చేస్తే, ‘రెండింటిలోనూ రాకాసి ఒకటే, సీలు తీశారు కాబట్టి డబ్బు వాపసు రాదు’ అని మీవారి జవాబు. సీలు తీయకుండా లోపల ఏముందో చూసే విద్య నాకు రాదు.

రాకాసి ఒకటే. హీరో ఒకడు కాదు. మూలచిత్రంలో గాడ్జిల్లా అనే ఆ రాకాసిని అంతం చేసేది శాస్త్రవేత్త డాక్టర్ సెరిజావా. ఒక కంటికి నల్లగుడ్డ, చీకటి ప్రయోగశాల, తనతో పెళ్లి కుదిరిన ఎమికో మనసు ఒగాటా మీద ఉండటం... ఇన్ని చూశాక విలన్ ఇతడేనని ఎవరైనా అనుకుంటారు. యువకుడు, అందగాడు అయిన ఒగాటాయే రాకాసిని చంపుతాడని ఎదురుచూస్తారు. కానీ సెరిజావా తాను కనిపెట్టిన ఆక్సిజన్ డిస్ట్రాయర్ అనే మారణాయుధానికి తానే భయపడతాడు. ఒక్కసారి వాడితే ప్రభుత్వాలు దాన్ని మరో అణుబాంబు చేస్తాయని ససేమిరా అంటాడు. టీవీలో బాలికల ప్రార్థనాగీతం విన్నాక ఒప్పుకుని, ముందుగా తన కాగితాలన్నీ తగలబెడతాడు. ఒగాటాతో కలిసి సముద్రంలోకి దిగి, అతణ్ణి పైకి పంపి, తన గాలి గొట్టాన్ని తానే కోసుకుంటాడు. ఆ రహస్యం తెలిసిన బుర్ర కూడా మిగలకూడదని.

మీరు పంపిన డిస్కులో సెరిజావా లేడని అనను. ఉన్నాడు, పక్కకు జరిగిపోయి. కథంతా స్టీవ్ మార్టిన్ అనే అమెరికా విలేఖరి (రేమండ్ బర్ వేసిన పాత్ర) నోట వినాలి. అట్ట వెనుక మీరు ‘రాకాసిని ఎదిరించిన వీరుడు’ అని రాసింది ఈయన గురించే! ఆయన చూస్తాడు, చెబుతాడు, గాయపడతాడు. పెళ్లికి వచ్చిన చుట్టాన్ని పెళ్లికొడుకు పీట మీద కూర్చోబెట్టారు మీరు. రైలులో నాగసాకి నుంచి బతికి బయటపడ్డానని చెప్పే యువతి మాటలు ఇందులో లేవు. అణుపరీక్షలు ఇలాగే సాగితే మరో గాడ్జిల్లా రావచ్చన్న ఎమికో తండ్రి, శాస్త్రవేత్త డాక్టర్ యమానె చివరి హెచ్చరికా లేదు. సినిమా వచ్చిన ఏడాదే బికినీ దీవిలో అమెరికా జరిపిన అణుపరీక్షలో జపాన్ జాలర్లు అణుధూళి బారిన పడ్డారు. ఆ ప్రేక్షకులకు ఆ మాటలు ఎలా తగిలి ఉంటాయో ఆలోచించండి.

అమెరికా కూర్పును అమ్మవద్దని నేను అనడం లేదు. దాని మీద 1956 అని రాసి అమ్ముకోండి.

మూలచిత్రం డిస్కు పంపండి, లేదా రవాణా ఖర్చుతో సహా డబ్బు తిరిగి ఇవ్వండి. వెబ్‌సైటులో వివరణ సరిదిద్దండి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం నెలలోగా పరిష్కారం చూపాలి. లేకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

బిల్లు నకలు, అట్ట రెండు వైపుల ఫోటోలు జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు