గ్రహణం రోజు మన బడిలో ఏం జరిగింది: తల్లిదండ్రులకు మార్చి నెల లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

మొన్న మంగళవారం, మార్చి 3న చంద్రగ్రహణం నాడు మన బడిలో జరిగింది ఊరి వాట్సాప్ గ్రూపుల్లో రకరకాలుగా తిరుగుతోంది. ఆరో తరగతి పాప ఒకతె గ్రహణం వల్ల కళ్ళు తిరిగి పడిపోయిందని, సాయంత్రం గ్రహణం చూపించడానికి పిల్లల్ని బలవంతంగా మేడ ఎక్కించామని అంటున్నారు. అందుకే జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను. దయచేసి పూర్తిగా చదవండి.

ఆ పాప పడిపోయింది పొద్దున్న పదకొండున్నరకి. చంద్రుడు భూమి నీడలోకి రావడం మొదలైంది మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలకి. సూతకం పొద్దున్నే పట్టిందని ఇంట్లో పొయ్యి వెలిగించలేదట. ముందు రాత్రి తిన్న అన్నమే. గ్లాసుడు మజ్జిగ తాగి నాలుగు ముద్దలు తినేసరికి లేచి కూర్చుంది, ఆ పూట లెక్కల పీరియడ్ కూడా వదల్లేదు. మధ్యాహ్న భోజనానికి ఆ రోజు చాలామంది పళ్ళెం పట్టుకోలేదు, వండిన అన్నం మిగిలిపోయింది. మీ ఆచారాలు మీవి, వాటిమీద నాకు గౌరవం ఉంది. పెద్దవాళ్ళు పస్తుంటే నేను అడగను. కానీ పిల్లలకీ, ముసలివాళ్ళకీ, ఒంట్లో బాగాలేనివాళ్ళకీ సూతకం పట్టింపు లేదని మన పెద్దలే చెబుతారు కదా. పిల్లని ఖాళీ కడుపుతో నడిపించి బడికి పంపేముందు ఆ మాట ఒక్కసారి గుర్తుచేసుకోవాల్సింది. గ్రహణం లేని రోజుల్లో కూడా టిఫిన్ లేకుండా వచ్చేవాళ్ళు మా దగ్గర చాలామందే ఉన్నారు. అది ఏ సూతకమో ఆ ఇళ్ళవాళ్ళే చెప్పాలి.

ఇక మేడ సంగతి. వచ్చింది ఇంట్లో అడిగి వచ్చిన పిల్లలే. ఇద్దరు తండ్రులు మధ్యలో వచ్చి తీసుకెళ్తామన్నారు, వెంటనే పంపించాం. మిగతావాళ్ళు తూర్పున కళింగపట్నం వైపు తిరిగి నిలబడ్డారు. ఆరు గంటల ప్రాంతంలో సరుగుడు తోటల పైన చంద్రుడు పైకి వచ్చాడు, అప్పటికి సగం దాకా నీడలో ఉన్నాడు. 6.48కి నీడ పూర్తిగా తప్పుకుంది. "ఎర్రగా ఎందుకు లేడు మేడం?" అని అడిగారు. ఎర్రగా ఉండే ఘట్టం 4.34 నుంచి 5.33 దాకా, మనకి చంద్రుడు ఉదయించకముందే అయిపోయింది. పూర్తిగా నీడలో మునిగినప్పుడు కూడా భూమి చుట్టూ ఉన్న గాలి పొరలోంచి కొంత సూర్యకాంతి వంగి చంద్రుడి మీద పడుతుంది. ఆ దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. పోయిన సెప్టెంబర్ 7న, ఆదివారం రాత్రి పదకొండు నుంచి పన్నెండు ఇరవై దాకా కనిపించిన ఎరుపు అదే. చంద్రగ్రహణాన్ని మామూలు కళ్ళతో ఎంతసేపు చూసినా ఏమీ కాదు. సూర్యగ్రహణం అలా కాదు. ఎక్స్‌రే ఫిల్ములు, పేడ నీళ్ళు పనికిరావు, దానికోసమే తయారుచేసిన కళ్ళద్దాలు ఉండి తీరాలి.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఆ రోజు చేసి చూపించింది మీరందరూ చూసి ఉండాల్సింది. ఒలిచిన కొబ్బరికాయ భూమి, నిమ్మకాయ చంద్రుడు. రెండిటినీ దాదాపు నాలుగు మీటర్ల దూరంలో పెట్టింది, ఎందుకంటే ఆ కొలతలో నిజమైన దూరం అంతే వస్తుంది. ఆ లెక్కన సూర్యుడు నాలుగంతస్తుల మేడంత ఉండి, కిలోమీటరున్నర అవతల ఉండాలి. చంద్రుడి కంటే సూర్యుడు నాలుగు వందల రెట్లు పెద్ద, దూరం కూడా సుమారు అన్ని రెట్లే. అందుకే ఆకాశంలో ఇద్దరూ ఒకే సైజులో కనిపిస్తారు, అమావాస్య నాడు సరిగ్గా అడ్డం వస్తే చంద్రుడు సూర్యుణ్ణి మూసేయగలడు. "మరి ప్రతి పున్నానికీ, ప్రతి అమావాస్యకీ గ్రహణం ఎందుకు పట్టదు?" అని వేరే పిల్లలు నిలదీశారు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారికి చంద్రుడు తిరిగే దారి ఐదు డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది. కొబ్బరికాయ నీడ నిమ్మకాయ దగ్గరికి చేరేసరికి బెత్తెడు వెడల్పు ఉంటే, నిమ్మకాయ ఆ నీడకి జానెడున్నర పైకో కిందికో పోగలదు. ఎక్కువ నెలలు తప్పిపోతుంది. రెండు దారులు కలిసే రెండు చోట్ల దగ్గర ఉన్నప్పుడే దొరుకుతుంది. మన పంచాంగం ఆ రెండు చోట్లనే రాహువు, కేతువు అని పెట్టి లెక్క కడుతుంది. జానెడు, బెత్తెడు లెక్క ఏ పుస్తకంలోనూ లేదు, ఆ పిల్ల సొంతంగా వేసింది. నేను రెండుసార్లు సరిచూశాను, తప్పు లేదు!

తొమ్మిదో తరగతి అబ్బాయి గురించి కూడా చెప్పాలి. గ్రహణం పట్టినప్పుడే పళ్ళెంలో రోకలి నిలబడుతుందని వాళ్ళ నాయనమ్మ అంటే, సోమవారం నాడే, ఏ గ్రహణమూ లేకుండా, ప్రార్థన వేళ అందరి ముందూ నిలబెట్టాడు. బుధవారం మళ్ళీ నిలబెట్టాడు. నాయనమ్మతో వాదన పెట్టుకోలేదు, ఆవిడ చేతే నిలబెట్టించాడట. ఇలాంటి పిల్లవాణ్ణి కన్న తల్లిదండ్రులకి నా నమస్కారాలు.

ఇప్పుడు నా మనసులో బాధగా ఉన్న మాట. ఆ సాయంత్రం ఒక పిల్ల మేడ మీదకి రాకుండా ఇంటికి పరుగెత్తింది. వాళ్ళ అక్క కడుపుతో ఉందట, పొద్దుటి నుంచీ తలుపులు మూసిన గదిలో కదలకుండా పడుకోబెట్టారట, మంచినీళ్ళు కూడా ఇవ్వలేదట. మార్చి నెల ఉక్కలో! గర్భిణికి నీళ్ళు లేకపోవడం నిజమైన ప్రమాదం, నీడ కాదు. గ్రహణం మొర్రి అని మనం అంటున్నది బిడ్డ కడుపులో పడిన మొదటి రెండు మూడు నెలల్లో పెదవి, అంగిలి సరిగ్గా కలవకపోవడం వల్ల వస్తుంది. వంశపారంపర్యం, పోషకాహార లోపం, కొన్ని మందులు, పొగాకు వంటివి కారణాలు కావచ్చు. ఏ గ్రహణమూ కారణం కాదు. గ్రహణం పట్టింపు లేని దేశాల్లోనూ అలాంటి పిల్లలు పుడుతున్నారు. ఆపరేషన్‌తో అది బాగవుతుంది. అయినా ఆ బిడ్డని కన్న తల్లిని "ఆ రోజు బయట తిరిగావు, కత్తి పట్టుకున్నావు" అని ఏళ్ళ తరబడి సాధిస్తూనే ఉంటాం. ఏ తప్పూ చేయని మనిషిని నిందించడం ఈ ఊళ్ళో ఆగాలి. నేను ఈ బడిలో ఉన్నంతకాలం ఈ మాట చెబుతూనే ఉంటాను. ఇది పరాయి చదువు అనుకోకండి. సూర్యుణ్ణి కప్పేది చంద్రుడు, చంద్రుణ్ణి కప్పేది భూమి నీడ అని ఆర్యభటుడు 499లోనే రాశాడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త మన గుంటూరు దాకా వచ్చాడు. హీలియం కనిపెట్టిన కథ ఆ గ్రహణంతోనే మొదలైంది. అంతకు ముందే విశాఖలో గోడే వెంకట జగ్గారావు గారు సొంత డబ్బుతో ఆకాశాన్ని పరిశీలించే వేధశాల కట్టించారు. ఆకాశాన్ని తలెత్తి చూసిన చరిత్ర మనకి ఉంది.

మిగతా విషయాలు: పదో తరగతి హాల్‌టికెట్లలో పేరు, పుట్టినతేదీ సరిచూసుకోండి, అపార్ ఐడీ (విద్యార్థి గుర్తింపు సంఖ్య) పత్రం ఇవ్వనివాళ్ళు ఇవ్వండి, ఉగాదికి 19న సెలవు.

మన దగ్గర కనిపించే తర్వాతి సంపూర్ణ చంద్రగ్రహణం 2028 డిసెంబర్ 31 రాత్రి. ఇప్పటి ఏడో తరగతి పిల్లలు అప్పటికి పదిలో ఉంటారు, పరీక్షల పేరు చెప్పి ఆ రాత్రి వాళ్ళని గదిలో కూర్చోబెట్టవద్దని ఇప్పుడే అడుగుతున్నాను.

అంతవరకు ఆగక్కర్లేదు. ఏటా మార్చిలో, మళ్ళీ అక్టోబర్‌లో అరసవల్లి సూర్యదేవుడి గుడిలో స్వామి పాదాల మీద సూర్యకిరణాలు పడతాయని మీకు తెలుసు. ఆ రెండు వేళల్లోనూ సూర్యుడు తూర్పున దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు, గుడి కట్టినవాళ్ళు దాన్ని పట్టుకున్నారు. సోమవారం, 9వ తేదీన, ఎనిమిది, తొమ్మిది తరగతులవాళ్ళని దర్శనానికి, ఆ కిరణాలు చూడటానికి తీసుకెళ్తున్నాం. తెల్లవారుజామున నాలుగున్నరకి బస్సు బడి గేటు దగ్గర బయల్దేరుతుంది. అంగీకార పత్రం శనివారం లోపు క్లాస్ టీచర్‌కి ఇవ్వండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు