నాసిక్ ట్రిప్ ఫిబ్రవరిలోనే పెట్టుకుందాం

అందరికీ నమస్కారం. నాసిక్‌లో ద్రాక్ష పండించి వైన్ తయారుచేసే సూలా వైన్‌యార్డ్స్‌కి వేసవి సెలవుల్లో వద్దండీ. యూరప్‌లో ద్రాక్ష కోతలు ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలైతే, నాసిక్‌లో వానలు తగ్గాక తీగలు కత్తిరించి, చలికాలంలో పండిన గుత్తుల్ని జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు. ఆ రోజుల్లో తొట్టిలో దిగి మనమే ద్రాక్ష తొక్కొచ్చు.

సాయంత్రాలు ఇంకా బాగుంటాయి. 2008లో మొదలైన సూలాఫెస్ట్ సంగీతోత్సవం జరిగేది అక్కడి ఆరుబయటి వేదిక మీదే. ఎదురుగా కనిపించే గంగాపూర్ జలాశయం మన గోదావరి నీళ్లే! పొద్దుగుంకే వేళకి అక్కడ ఉండి తీరాలి.

వైన్ తాగడానికి మహారాష్ట్రలో 21 ఏళ్లు నిండాలి. తాగనివాళ్లూ మొహమాటపడకుండా రండి. తాగేవాళ్లు మాత్రం స్టీరింగ్ పట్టొద్దు, డ్రైవర్‌ని మాట్లాడుకుందాం. ఎవరెవరు వస్తారో ఆదివారంలోగా చెప్పండి.