చూడని తోటకు ఫొటో అడిగిన మీ సంస్థకు నా అయిదవ లేఖ

విహారయాత్రల సంస్థ నిర్వాహకులకు,

విషయం: 2024 అక్టోబరు దక్షిణ కొరియా యాత్రపై మూడు నెలలుగా జవాబు లేని ఫిర్యాదు.

అయ్యా,

నా మొదటి నాలుగు లేఖలకూ మీ కంప్యూటరు క్షణంలో బదులిచ్చింది గాని మనుషులెవరూ ఇవ్వలేదు కనుక, ఈ అయిదవదాన్ని రిజిస్టర్డు పోస్టులో పంపుతున్నాను.

జరిగింది మీకు తెలియనిది కాదు. ఆరవ రోజున దామ్యాంగ్ ప్రాంతపు పల్లెలో హానోక్ అనే కొరియా సంప్రదాయ ఇళ్ల సందర్శన, రాత్రికి అలాంటి ఇంట్లోనే నేలను కింద నుంచి వెచ్చబరిచే ఒండోల్ గదిలో బస, దగ్గరలోని సోస్వేవొన్ ఉద్యానవనం అని మీ కరపత్రంలో అచ్చువేశారు. తీరా ఆ రోజు మీ గైడు జిన్సెంగ్ అనే మందు వేరు అమ్మే దుకాణం ముందు రెండున్నర గంటలు బస్సు ఆపించాడు. సంజినే పల్లెకు చేరేసరికి పొద్దు వాలింది. మట్టీ రాళ్లూ కలిపి కట్టిన ప్రహరీల మధ్య పదిహేను నిమిషాలు నడిపించి, ఒక్క ఇంటి గడపైనా తొక్కనివ్వకుండా వెనక్కి తెచ్చారు. నింపాదిగా బతకడాన్నే గౌరవంగా భావించి 2007లో ‘స్లో సిటీ’ గుర్తింపు పొందిన ఊళ్లో మనుషులను పరుగెత్తించిన ఘనత మీకే దక్కుతుంది. తోట ద్వారం అప్పటికే మూసేశారు. నేల కింద నుంచి వెచ్చబడే గదిలో ఒక్క రాత్రి పడుకోవాలనుకున్న మా శ్రీమతికి గ్వాంగ్జు నగరంలో మామూలు హోటలు మంచం దొరికింది.

నేను నీటిపారుదల శాఖలో ముప్పయ్యొక్క ఏళ్లు పనిచేశాను. గురువైన జో గ్వాంగ్‌జో 1519లో రాజు ఆగ్రహానికి గురై ప్రాణం కోల్పోగా, కొలువు మీద ఆశ వదులుకుని సొంత ఊరు చేరి ఈ సోస్వేవొన్ తోటను కట్టిన యాంగ్ సాన్‌బో అనే పండితుడు, వాగును ఆపకుండా ప్రహరీనే రాతి దొంతరల మీద నిలబెట్టి దాని కింద నుంచి నీటిని పోనిచ్చాడని చదివి, ఆ గోడను కళ్లారా చూడాలని వచ్చాను. అయినా నా కోపం దాని గురించి కాదు. దారిలో ఆలస్యం ఎవరికైనా అవుతుంది. తిరిగొచ్చాక మీరు చేసిన దానికే ఈ లేఖ.

మొదట ఫోనెత్తిన అమ్మాయి నాలుగు నిమిషాల్లో ఆరుసార్లు ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అన్నది. ఆ అసౌకర్యం ఏమిటని ఒక్కసారీ అడగలేదు. రెండవసారి ఫోనెత్తిన అబ్బాయి, అంతా ఓపిగ్గా విని, ‘ఉత్తర కొరియాకు మేము యాత్రలు నడపమండీ’ అన్నాడు. మూడవ ఆయన, ‘తోట అంటే ప్రకృతే కదా సార్, దానికి తలుపులేమిటి’ అని నాకే బోధ చేశాడు. ఆ తరువాత వచ్చిన మెయిలును నేను దాచుకున్నాను: మేము ఉద్యానవనం చూడలేదనడానికి ఆధారంగా ఫొటోలు పంపమని అందులో ఉంది. చూడని తోటను ఏ వైపు నుంచి ఫొటో తీయాలో మీ సాంకేతిక నిపుణులు తెలియజేయగలరు. మూసిన ద్వారం ఫొటో పంపితే ‘ఫైలు పరిమాణం ఎక్కువగా ఉంది’ అన్నారు. తగ్గించి పంపాక పదిహేడు రోజుల మౌనం, ఆపైన ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు’ అని ఒక సందేశం.

ద్వారకానగర్‌లోని మీ శాఖకు మూడుసార్లు స్వయంగా వచ్చాను. మూడుసార్లూ మేనేజరుగారు మీటింగులోనే ఉన్నారు. అద్దం గది అవతల ఆయన ఒక్కరే కూర్చుని ఫోను చూసుకోవడాన్ని మీటింగు అంటారని నాకు అప్పుడే తెలిసింది. ‘టీ తాగండి బాబూ’ అన్న మీ అటెండరు ఒక్కడే ఇంతవరకూ నాతో మనిషిలా మాట్లాడాడు. అతని జీతమైనా పెంచండి.

2011లో మా అమ్మానాన్నల కాశీయాత్ర మీతోనే. చార్‌ధామ్ మీతోనే. మా అమ్మాయి పెళ్లయ్యాక అండమాన్ పంపింది మీ ద్వారానే. మా వీధిలో కనీసం నాలుగు కుటుంబాలకు మీ కార్డు నా చేతులతో ఇచ్చాను. అప్పుడు ఫోను చేస్తే రెండవ రింగుకే ఎత్తేవారు, పండుగలకు మిఠాయి డబ్బా కూడా వచ్చేది.

రాత్రి బసకూ తోట సందర్శనకూ తీసుకున్న సొమ్ములో ఎంత తిరిగి ఇవ్వాలో మీరే లెక్క కట్టండి, నేను బేరం ఆడను. దానికన్నా ముందు, పేరూ సంతకమూ ఉన్న ఒక మనిషి నుంచి, జరిగింది తప్పేనని ఒక కాగితం నాకు కావాలి. వచ్చే ప్రయాణానికి రెండు వేల తగ్గింపు కూపను మళ్లీ పంపకండి. వచ్చే ప్రయాణం ఉండదు.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తాను. మేము కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపే కనుక ఫిర్యాదుకు రుసుము కూడా ఉండదు. పదవీ విరమణ చేసినవాణ్ణి, వాయిదాలకు తిరగడానికి తీరిక పుష్కలంగా ఉంది. మా విశ్రాంత ఉద్యోగుల సంఘం వచ్చే నెల నలభై మందితో రామేశ్వరం వెళ్లే ఆలోచనలో ఉంది. ఏ సంస్థతో వెళ్లాలో నన్నే అడిగారు.

మూసిన ద్వారం ఫొటోను ఈసారి కాగితం మీద ముద్రించి జతపరిచాను. పరిమాణం ఆరు అంగుళాలు బై నాలుగు.

ఇట్లు,
మీ పద్నాలుగేళ్ల ఖాతాదారు,
విశాఖపట్నం.